5 ను అర సారి గుణించడం ఎలా?

మన సమావేశాల్లో బాబాల గురించి మాట్లాడుకుంటాం, వాస్తు గురించి మాట్లాడుకుంటాం, జాతకాల గురించి గంటలకొద్దీ వాదించుకుంటాం. లెక్కల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. లెక్కల్లో మూఢనమ్మకం ఏముంటుంది, అక్కడ అంతా రుజువులే కదా అని మన ధీమా. నాకు ఆ ధీమా లేదు. "ఎందుకు?" అని అడగకుండా తల ఊపడం మన పిల్లలు గుడిలో కన్నా ముందు లెక్కల క్లాసులోనే నేర్చుకుంటున్నారని నా అనుమానం. దానికి ఉదాహరణగా ఒక చిన్న విషయం తీసుకుంటాను. భిన్న ఘాతాలు. అంటే వర్గమూలాలు, ఘనమూలాలు ఉన్న లెక్కను సూక్ష్మీకరించడానికి బళ్ళో నేర్పే పద్ధతి.

లెక్కలంటే భయం ఉన్నవాళ్ళు ఇక్కడే పేజీ మూసెయ్యకండి. గుణకారం, కూడిక వస్తే చాలు. రాసే పద్ధతి ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 5^3 అని రాస్తే 5 కు ఘాతం 3 అని అర్థం, అంటే 5×5×5. టోపీ గుర్తు తరువాత ఉన్నది ఘాతం, ముందు ఉన్నది భూమి.

మా పక్కింటి అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసి, సెలవుల్లో ఇంటర్మీడియట్ కోసం ముందస్తు క్లాసులకు వెళ్ళేది. ఒకరోజు నోట్సు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "పెదనాన్నా, 5^3 అంటే 5 ను మూడు సార్లు వేసి గుణించడం. మరి 5^(1/2) అంటే 5 ను అర సారి వేసి గుణించడమా? అర సారి ఎలా వేస్తాం?" అంది. అదే ప్రశ్న క్లాసులో అడిగితే, "అది రూటు ఐదు. అలా రాయాలంతే. ఎందుకు అని అడుగుతూ కూర్చుంటే సిలబస్ అవ్వదు" అన్నారట. క్లాసంతా నవ్విందట.

ఆ మాష్టారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన మీద ఉన్న ఒత్తిడి ఆయనది. కానీ ఆ జవాబును కాసేపు లెక్కల క్లాసులోంచి బయటికి తీసి చూడండి. "కొత్త ఇంటికి ఈశాన్యం మూల బరువు పెట్టకూడదు. ఎందుకు? అలా పెట్టకూడదంతే." రెంటికీ ఏమిటి తేడా? వాక్యం ఒకటే. ఒక్క తేడా ఉంది. లెక్కల మాష్టారి దగ్గర నిజంగా కారణం ఉంది, చెప్పడానికి తీరిక లేదు. వాస్తు పండితుడి దగ్గర తీరిక ఉంది, కారణం లేదు. వినే పిల్లకు మాత్రం ఈ తేడా తెలిసే దారి లేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఇంతకీ ఆ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. 5 ను అర సారి వేయడం కుదరదు. ఘాతం అంటే "ఎన్ని సార్లు" అనే అర్థమే చివరిదాకా పట్టుకుంటే 5^(1/2) కు అర్థమే లేదు. కాబట్టి ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి. దానికి అర్థం మనం ఇవ్వాలి.

ఎలా ఇస్తాం? ఇష్టం వచ్చినట్టు కాదు. పూర్ణ సంఖ్యల ఘాతాలకు ఒక న్యాయం ఉంది. 5^2 × 5^3 అంటే రెండు ఐదులు, ఆ తరువాత మూడు ఐదులు, మొత్తం ఐదు ఐదులు. అంటే 5^5. ఘాతాలు కూడుకుంటాయి. ఇందులో నమ్మాల్సింది ఏమీ లేదు, వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. ఇప్పుడు మన కోరిక ఒక్కటే. కొత్త ఘాతాలకు ఏ అర్థం ఇచ్చినా ఈ న్యాయం చెడకూడదు.

అలాగైతే 5^(1/2) × 5^(1/2) ఎంత కావాలి? ఘాతాలు కూడితే అర, అర కలిసి ఒకటి. అంటే 5^1, అంటే 5. తనతో తానే గుణించుకుంటే 5 వచ్చే సంఖ్య ఏది? వర్గమూలం 5. అంతే. మరో దారి లేదు. ఇలాగే 5^(1/3) ను మూడు సార్లు గుణిస్తే 5 రావాలి కాబట్టి అది ఘనమూలం 5. 5^0 ను 5^1 తో గుణిస్తే 5^1 రావాలి కాబట్టి 5^0 అంటే 1. సున్నా ఘాతం 1 ఎందుకవుతుందో తెలియకుండానే డిగ్రీలు పూర్తి చేసినవాళ్ళను నేను చాలామందిని చూశాను. కారణం ఒక్క వాక్యంలో ఉంది.

ఇక్కడ అమ్మాయి ఇంకో మెలిక పెట్టింది. "వర్గం చేస్తే 5 వచ్చేవి రెండున్నాయి కదా, ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి. ప్లస్సే ఎందుకు తీసుకోవాలి?" దీనికీ జవాబుంది. 5^(1/4) ను తనతో తాను గుణిస్తే 5^(1/2) రావాలి. మనకు తెలిసిన వాస్తవ సంఖ్యల్లో దేన్ని దానితోనే గుణించినా రుణ సంఖ్య రాదు. కాబట్టి 5^(1/2) రుణ సంఖ్య కావడానికి వీల్లేదు. ఇదంతా ఎవరో పెద్దాయన పెట్టిన ఆంక్ష కాదు, న్యాయం నిలబడాలంటే తప్పనిసరి.

ఈ అర్థం ఒప్పుకున్నాక మూలాల చిక్కులు ఎంత సులువుగా విడిపోతాయో చూడండి. వర్గమూలం 2 ను ఘనమూలం 2 తో గుణించాలి. రెండు వేర్వేరు రకాల మూలాలు, గుర్తులు చూస్తూ కూర్చుంటే ఎటూ తోచదు. ఘాతాల్లో రాయండి. 2^(1/2) × 2^(1/3). అర, మూడో వంతు కలిపితే 5/6. జవాబు 2^(5/6). అంటే 32 కు ఆరవ మూలం. అనుమానం ఉంటే కాలిక్యులేటర్ తీయండి. 1.41421 ను 1.25992 తో గుణించండి, 1.7818 వస్తుంది. దాన్ని ఆరు సార్లు వేసి గుణించండి, 32 దగ్గరకు వస్తుంది.

ఇంకోటి. 9 కు నాలుగో మూలం. 9 అంటే 3^2. దానికి 1/4 ఘాతం అంటే 3^(2/4), అంటే 3^(1/2). వర్గమూలం 3, అంతే. 256 కు వర్గమూలం, దానికి మళ్ళీ వర్గమూలం, దానికి ఇంకోసారి వర్గమూలం తీయమంటే? 256 అంటే 2^8. మూడు సార్లు సగం చేస్తే ఘాతం ఒకటి. జవాబు 2.

వర్గమూలం 2 పెద్దదా, ఘనమూలం 3 పెద్దదా? పైకి చూస్తే తెలియదు. ఘాతాలు 1/2, 1/3. రెంటికీ ఉమ్మడి హారం 6. మొదటిది 2^(3/6), అంటే 8 కు ఆరవ మూలం. రెండోది 3^(2/6), అంటే 9 కు ఆరవ మూలం. 9 పెద్దది కాబట్టి ఘనమూలం 3 యే పెద్దది. పొడుగైన భాగహారాలు ఏమీ చెయ్యలేదు. నాలుగో తరగతిలో నేర్చుకున్న భిన్నాల కూడికే మూలాల్లోనూ పనిచేసింది.

"ఇది పరీక్షల కోసం తప్ప దేనికి పనికొస్తుంది?" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నేను చాలా ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను కాబట్టి డబ్బు ఉదాహరణే చెబుతాను. నిజానికి "అర సారి గుణించడం" అంటే ఏమిటో డబ్బే చక్కగా చూపిస్తుంది. ఒక సొమ్ము ఏడాదికి 1.44 రెట్లు అవుతుంది, ఏడాది పొడుగునా ఒకే తీరున పెరుగుతుంది అనుకోండి. అర ఏడాదికి ఎన్ని రెట్లు? చాలామంది 1.22 అంటారు, 44 లో సగం 22 కాబట్టి. కాదు. 1.44^(1/2), అంటే 1.2. ఆర్నెల్లకు 1.2 రెట్లు, ఆ పెరిగిన దాని మీద మరో ఆర్నెల్లకు 1.2 రెట్లు, మొత్తం 1.44. గుణకారాన్ని సగానికి పంచడం అంటే ఇదీ.

మన ఊళ్ళల్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటారు. నెలకు వందకు రెండు. ఏడాదికి 24 శాతం అనుకుంటారు. వడ్డీ కట్టకుండా వదిలేసి నెలనెలా అసలులో కలుస్తూ పోతే 1.02^12, అంటే 26.8 శాతం. అదే లెక్కను వెనక్కి నడిపితే భిన్న ఘాతం వస్తుంది. 1988 లో కిసాన్ వికాస పత్రాలు మొదలైనప్పుడు అయిదున్నర ఏళ్ళలో డబ్బు రెట్టింపు అవుతుందని ప్రకటించారు. ఏడాదికి ఎంత వడ్డీ అన్నట్టు? 2 కు ఘాతం 1/5.5. అంటే 2/11. అంటే 4 కు పదకొండవ మూలం, సుమారు 1.134. ఏడాదికి 13.4 శాతం. ఆ రోజుల్లో ప్రభుత్వం ఇవ్వగలిగిన వడ్డీయే.

ఇప్పుడు మరో ప్రకటన చూద్దాం. "ఆరు నెలల్లో మీ డబ్బు రెట్టింపు!" ఇలాంటి స్కీములు ప్రతి పదేళ్ళకూ కొత్త పేరుతో వస్తూనే ఉంటాయి. 2^(1/6) తీయండి. 1.1225. నెలకు 12 శాతం పైమాట. ఏ వ్యాపారం నెలనెలా 12 శాతం లాభం ఇస్తుంది? అది నిజమే అయితే పదేళ్ళు ఆగండి. ఇరవై రెట్టింపులు. వెయ్యి రూపాయలు 104 కోట్లు దాటుతాయి. అంత తెలివైనవాడు మన వెయ్యి కోసం మన గడప ఎందుకు తొక్కుతాడు? ఈ ఒక్క లెక్క వచ్చి ఉంటే ఎన్ని కుటుంబాలు మునగకుండా ఉండేవో! చెంబులోంచి విభూతి తీసేవాడిని పట్టుకోవడానికి మనం ఊరూరా ప్రదర్శనలు ఇస్తాం. ఈ మూలం తీయడం నేర్పడం కూడా అలాంటి పనే.

అమ్మాయి విషయంలో అసలు చిక్కు డబ్బు దగ్గర రాలేదు, శని దగ్గర వచ్చింది. ఆమెను ఇంటర్మీడియట్ కు దూరంగా హాస్టల్లో చేర్పించాలనుకున్నారు. సిద్ధాంతి గారు జాతకం చూసి, ఏలినాటి శని నడుస్తోంది, ఇల్లు కదలడం మంచిది కాదు అన్నారు. తండ్రి వెనక్కి తగ్గాడు. మన ఊళ్ళో కాలేజీయే చాలు అనడం మొదలుపెట్టాడు. ఏలినాటి శని అంటే ఏడున్నర ఏళ్ళు. అది ముగిసేసరికి ఆ పిల్ల చదువే ముగుస్తుంది.

ఆ ఏడున్నర ఎక్కడినుంచి వచ్చిందో అమ్మాయి చేతనే లెక్క కట్టించాను. కెప్లర్ 1619 లో ప్రకటించిన మూడో సూత్రం ఉంది. సూర్యుడికీ భూమికీ మధ్య దూరాన్ని 1 అనుకోండి. ఒక గ్రహం సూర్యుడికి ఎన్ని రెట్ల దూరంలో ఉందో ఆ సంఖ్యకు 3/2 ఘాతం వేస్తే, అది సూర్యుడి చుట్టూ తిరిగే కాలం ఏళ్ళల్లో వస్తుంది. ఘాతం 3/2, మన భిన్న ఘాతమే. శని దూరం 9.54. దాని ఘనం సుమారు 868. దానికి వర్గమూలం సుమారు 29.5. శనికి ఒక చుట్టు 29.5 ఏళ్ళు. చుట్టులో 12 రాశులు కాబట్టి ఒక్కో రాశిలో దాదాపు రెండున్నర ఏళ్ళు. జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, ఆ తరువాతి రాశి, మొత్తం మూడు. అదీ ఏడున్నర.

గురుడి సంగతీ అంతే. దూరం 5.2. దానికి 3/2 ఘాతం వేస్తే 11.86 ఏళ్ళు. ఒక్కో రాశిలో సుమారు ఏడాది. అందుకే 12 ఏళ్ళకోసారి పుష్కరాలు. కానీ 11.86 అంటే 12 కన్నా కాస్త తక్కువ. ఆ తేడా పోగుపడి ఎప్పుడో ఒకసారి ఒక ఏడాది ముందుకు జరగాలి. హరిద్వార్ కుంభమేళా 2010 తరువాత 2022 లో కాకుండా 2021 లోనే జరిగింది, పదకొండేళ్ళకే. కారణం ఈ దశాంశాలే.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. ఈ లెక్క జ్యోతిషం తప్పని రుజువు చెయ్యదు. ఏడున్నర ఏళ్ళనే కాలం నిజమే. పాతకాలం వాళ్ళు దుర్భిణి లేకుండా తరతరాలు ఆకాశం చూసి పట్టిన లెక్క అది. దానికి దండం పెట్టవచ్చు. ఈ లెక్క చూపించేది మరొకటి. ఆ కాలం శనికి మన మీద ఉన్న కోపం వల్ల రాలేదు, దాని దూరం వల్ల వచ్చింది. ఆ దూరానికీ ఒక పిల్ల హాస్టల్లో చేరడానికీ మధ్య ఉన్న లంకె ఏమిటో చెప్పాల్సిన బాధ్యత చెప్పేవాళ్ళది.

రెండో సంగతి అమ్మాయే పట్టుకుంది. "పన్నెండు రాశుల్లో ఎప్పుడు చూసినా మూడు రాశులవాళ్ళకు ఏలినాటి శని ఉంటుంది కదా పెదనాన్నా. అంటే నలుగురిలో ఒకరికి. మా క్లాసులో అరవై మందిమి. పదిహేను మందికి ఉండాలి. ఫెయిలైంది ఇద్దరే." చంద్రుడు నెలకోసారి రాశులన్నీ చుట్టేస్తాడు కాబట్టి, ఒకే ఏడు పుట్టిన పిల్లల జన్మరాశులు దాదాపు సమానంగా పంచుకుంటాయి. ఆమె లెక్క సబబే. ప్రపంచంలో నాలుగో వంతు జనం ఎప్పుడూ ఇల్లు కదలకూడదంటే రైళ్ళు ఖాళీగా తిరగాలి.

తండ్రికి ఈ కాగితం చూపించింది. ఆయన మా ఇంటికి వచ్చి, "లెక్క బాగానే ఉంది అన్నయ్యగారూ. కానీ ఎందుకొచ్చిన గొడవ, శనివారం పూట కాస్త తైలాభిషేకం చేయిస్తే పోలా?" అన్నాడు. తైలాభిషేకమూ చేయించాడు, జూన్ లో హాస్టల్ ఫీజూ కట్టాడు. మన సంఘం లెక్కలో ఇది గెలుపో ఓటమో నాకు తెలియదు. పిల్ల మాత్రం వెళ్ళి చదువుకుంటోంది.

కెప్లర్ గురించి ఒక్క మాట. ఆయన పొట్టకూటికి జాతకాలూ పంచాంగాలూ రాసినవాడే. ఈ సూత్రం అచ్చయిన రోజుల్లోనే ఆయన తల్లి మంత్రగత్తె అని ఊరివాళ్ళు ఆరోపించారు. 1620 లో ఆమెను అరెస్టు చేశారు. కొడుకు తన పనులన్నీ వదిలి వెళ్ళి, ఆరోపణలకు ఒక్కొక్కదానికీ కారణాలతో జవాబు రాసి, 1621 లో విడిపించుకున్నాడు. చేతబడి చేసిందన్న అనుమానంతో ముసలమ్మలను చంపిన వార్తలు చదివిన మనకు ఆ భయం ఎలాంటిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. "ఎందుకు?" అని అడగడం ఒక్కోసారి ప్రాణం కాపాడే పని.

ఇప్పటిదాకా న్యాయం ఎందుకు నిజమో చూశాం. ఇక ఎంతవరకు నిజమో చూడాలి. దీన్ని మనం ఇంకా తక్కువ అడుగుతాం.

మైనస్ 8 కు ఘనమూలం ఎంత? మైనస్ 2. ఎందుకంటే మైనస్ 2 ను మూడు సార్లు వేసి గుణిస్తే మైనస్ 8. అంటే (−8)^(1/3) = −2. ఇప్పుడు 1/3 అన్నా 2/6 అన్నా ఒకటే కదా. (−8)^(2/6) చేద్దాం. ముందు వర్గం చేస్తే 64. దానికి ఆరవ మూలం 2. అంటే మైనస్ 2, ప్లస్ 2 సమానమని తేలింది! రెండేసి తో భాగిస్తే మైనస్ 1, ప్లస్ 1 సమానం. ఇక అప్పూ ఆస్తీ ఒకటే.

ఎక్కడ తేడా వచ్చింది? ప్రతి మెట్టూ "రూలు ప్రకారమే" ఉంది. కానీ ఘాతం మీద ఘాతం వస్తే ఘాతాలను గుణించవచ్చు అనే న్యాయాన్ని, భిన్న ఘాతాల విషయంలో, భూమి ధన సంఖ్య అయినప్పుడే రుజువు చేశారు. పాఠ్యపుస్తకాల్లో ఈ షరతు ఒక మూల చిన్నగా ఉంటుంది. మాష్టారు చదవరు, పిల్లలు చూడరు, పరీక్షలో అడగరు. రూలు మాత్రం పెద్ద అక్షరాల్లో గోడమీద ఉంటుంది. అలాగే రెండు వర్గమూలాల లబ్ధం లబ్ధానికి వర్గమూలం అనే న్యాయం. మైనస్ 1 వర్గమూలాన్ని దానితోనే గుణిస్తే మైనస్ 1 రావాలి. న్యాయాన్ని గుడ్డిగా వాడితే 1 కి వర్గమూలం, అంటే ప్లస్ 1 వస్తుంది.

ఇది బడిపిల్లల గొడవే అనుకోకండి. ఆయిలర్ అంతటివాడు 1770 లో జర్మన్ భాషలో వచ్చిన తన బీజగణిత పుస్తకంలో మైనస్ 1, మైనస్ 4 ల వర్గమూలాలను గుణిస్తే 2 వస్తుందని రాశాడు. ఇప్పటి పద్ధతిలో రావాల్సింది మైనస్ 2. అది పొరపాటని తరువాతివాళ్ళు చాలామంది అన్నారు. ఆయన ప్రతి మూలానికీ రెండు విలువలూ తీసుకున్నాడు కాబట్టి తప్పు కాదని కొందరు చరిత్రకారులు వాదించారు. మనకు ముఖ్యం ఏమిటంటే, ఆయిలర్ రాశాడు కాబట్టి ఒప్పు అని ఎవరూ అనలేదు. లెక్కల్లో ఉన్న గొప్ప సంస్కారం అదే. అంతకు దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ ముందు, క్రీ.శ. 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో రుణ సంఖ్య దేనికీ వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం లేదని చెప్పాడు. తనకు తెలిసిన సంఖ్యల హద్దు ఎక్కడుందో గుర్తించి చెప్పడం అది. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. పద్యాల్లో పురాణాలే కాదు, లెక్కలూ చెప్పుకున్న భాష మనది.

ఈ మాట అనగానే రెండు రకాల వాళ్ళు లేస్తారు. "అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయిష" అనేవాళ్ళు ఒకరు. "మనకేముంది, అంతా పడమటివాళ్ళదే" అనేవాళ్ళు ఇంకొకరు. ఇద్దరూ చదవకుండా మాట్లాడేవాళ్ళే. 1965 లో వచ్చిన వేదగణితం పుస్తకంలోని సూత్రాలు మనకు తెలిసిన అథర్వవేద పరిశిష్టాల్లో లేవని ఆ పుస్తకం సంపాదకుడు వాసుదేవశరణ్ అగ్రవాలాయే ఒప్పుకున్నారు. నిజంగా పాతవి వేరే ఉన్నాయి. యజ్ఞవేదికలు కొలవడానికి రాసిన శుల్బసూత్రాల్లో వర్గమూలం 2 కు ఇచ్చిన విలువ భిన్నంగా రాస్తే 577/408. అయిదు దశాంశాల వరకు సరిపోతుంది. బళ్ళో మనం వాడే "కరణి" అనే మాట అక్కడిదే. క్రీ.శ. 816 లో వీరసేనుడు పూర్తిచేసిన జైనగ్రంథం ధవళలో మొదటి వర్గమూలం, రెండో వర్గమూలం అంటూ ఘాతాలను వరసగా సగం చేసుకుంటూ పోయిన లెక్కలున్నాయి. అటు యూరప్ లో పద్నాలుగో శతాబ్దంలో ఒరెమ్, 1585 లో స్టెవిన్, ఆ తరువాత వాలిస్ ఈ ఆలోచనను సాగదీశారు. 1676 లో న్యూటన్ ఉత్తరాల్లో మనం ఇప్పుడు రాసే రూపం కనిపిస్తుంది. కెప్లర్ దగ్గర ఆ గుర్తు లేదు, "ఒకటిన్నర నిష్పత్తి" అని మాటల్లోనే రాశాడు. ఎవరు ముందు చెప్పినా 2^(1/2) విలువ మారదు. మారుతుందనుకుంటే అది గణితం కాదు, గోత్రం.

మన భాషలో "శాస్త్రం" అనే మాటకు రెండర్థాలున్నాయి. "శాస్త్రం ఒప్పుకోదు" అని పురోహితుడూ అంటాడు, మనమూ అంటాం. వినేవాడికి రెండూ ఒకలాగే వినిపిస్తాయి. మన మాటలో తేడా ఉందని మనం చెప్పుకుంటే చాలదు. ఎందుకు, ఎంతవరకు అనే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితేనే ఆ తేడా నిజమవుతుంది. చెప్పలేని చోట మనదీ ఇంకో రకం శాస్త్రమే.

ఈసారి మీ ఇంట్లో పిల్లలు లెక్కల పుస్తకంతో వస్తే జవాబు సరిపోయిందా అని మాత్రమే చూడకండి. ఒక్క రూలు ఎంచుకుని, ఇది ఎందుకు నిజం, ఎక్కడ పనిచెయ్యదు అని అడిగి చూడండి. వాళ్ళకు తెలియకపోతే ఇద్దరూ కలిసి కాగితం తీయండి. సిలబస్ ఒక పూట ఆలస్యమైతే కొంప మునగదు.